నవ్వుల పోటీకి వేలిముద్ర

రేడియోలో మాటలూ పోటీలూ అన్నీ యంత్రమే నడిపేది. బాధ్యతకు మాత్రం ఒక మనిషి ఉండాలని చట్టం గనక, నూకరత్నం ఇంట్లో బెండకాయలు తరుక్కుంటూ ప్రతి పోటీకీ వేలిముద్ర వేసేది.

ఆవేళ ఆపకుండా నవ్వే పోటీ. తునిలో గవరయ్య మూడు గంటలుగా నవ్వుతుంటే, విన్న ఊళ్లన్నీ పొట్టచెక్కలయ్యేలా నవ్వాయి. నూకరత్నం కత్తిపీట పక్కకు నెట్టి మరీ దొర్లింది.

ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగింది.

"గవరయ్యగారే గెలిచారమ్మా!" అంది యంత్రం హుషారుగా. "ప్రాణం పోయింది."

"ఓసి నీ దుంపతెగ! పోటీ ఆపాలని తెలీదటే నీకు?"

"గుండెల్లో నొప్పంటున్నారు, ఆపేయమంటారా అని మిమ్మల్ని అడిగానుగదమ్మా."

"నేనేమన్నాను?"

యంత్రం ఆమె గొంతునే తిరిగి వినిపించింది. పగలబడి నవ్వుతూ, "ఉండవే, ఇప్పుడే రక్తి కడుతోంది!"