దమయంతి చేతులు

పలాస జీడి కార్ఖానాలో ఇప్పుడు పప్పు పొట్టు తీసేవి యంత్రాలే. అయినా పప్పు తడి రోజుకో తీరు. పొద్దున్నే ఎవరో ఒకామె ఒలిచి చూపిస్తేనే, ఆ యంత్రాలు తమ కెమెరా కళ్ళతో చూసి నేర్చుకుని పని మొదలుపెడతాయి.

పన్నెండు గంటల పని ఎనిమిదికి తగ్గించేదాకా చూపించేది లేదని అక్కడ పప్పు ఏరే ఆడవాళ్ళంతా ఒట్టేసుకున్నారు. యజమాని, చంటిపాపను చంకనేసుకున్న దమయంతిని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు.

“ఒక్క పప్పు ఒలువమ్మా. నీ పాప చదువు నా పూచీ.”

ఏడో తరగతితో బడి మానేసిన దమయంతి పాప మొహంలోకి చూసింది. చెయ్యి పప్పుదాకా వెళ్ళింది. యంత్రాల కళ్ళన్నీ ఆ చేతివైపే తిరిగాయి.

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులతో పాపను కొంగు కింద పొదువుకుంది.

“అందరి పిల్లలకీ పూచీ పడండి బాబూ. గంటలు తగ్గించండి. అప్పుడు సూపిత్తాం.”

గుమ్మం బయట గుమిగూడిన ఆడవాళ్ళలోంచి ముసలి పైడమ్మ అరిచింది: “సూసినారేటే, అదీ మన దమయంతి!”