తలుపు వైపు సొట్ట

స్కాట్లాండ్‌లో, స్పే లోయలోని ఆ విస్కీ కార్ఖానాలో సరుకు కాచే పాత రాగి బట్టీ అరిగిపోయింది. దాని సొట్టలన్నీ కొత్తదానికీ ఉండాలి, లేకపోతే రుచి మారుతుందని అక్కడివాళ్ల భయం.

కొత్త బట్టీకి సుత్తితో సొట్టలు కొడుతున్న రాగిపనిమనిషి ఊనా చుట్టూ, బట్టీ చూసుకునే ముసలి టార్క్విల్ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"మెడ కింద సొట్ట?"

"కొట్టాను తాతా! ప్రాణం తీయకు."

"తలుపు వైపు చిన్నది?"

"అదొక్కటే మిగిలింది. ఇంద, నువ్వే కొట్టుకో!"

టార్క్విల్ సుత్తి అందుకుని మెల్లగా తట్టాడు.

ఊనా నవ్వింది. "అలా తడితే సొట్టెలా పడుతుంది?"

"పాతదానికి పడిందిగా! సూపు చల్లారిపోతోంది రమ్మని మా ఆవిడ రోజూ గరిటెతో అక్కడే ఇంతే మెల్లగా తట్టేది. పెళ్లయిన దగ్గర్నుంచి పోయేదాకా."