హోప్ టౌన్ ఝట్కా

“తాడు లాగండి, ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి ఎడమ భుజం ఎగరేసి ఒక్క ఝట్కా.”

ఫోను వీడియోలో శివాజీ చెబుతున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్ములు అలాగే భుజం ఎగరేసింది. బుల్లమ్మ విసిరిన గరిటె గోడకు తగిలి కింద పడింది.

“ఆ కుదుపు మానీయే. నా ఇంట్లో అది సెయ్యకు.”

“క్యా అమ్మా, దేశమంతా చేత్తన్నారు. శివాజీ మామయ్యకి అరవై లక్షల ఫాలోవర్లు. నీ ఝట్కాయే కదా, ఎందుకంత గుస్సా?”

బుల్లమ్మకు ఒళ్లు మండింది. మూడేళ్ల కిందట తమ్ముడు ముంబయి నుంచి దీవికి సెలవుకొచ్చి, తను ఒడ్డున వల లాగుతుంటే వీడియో తీసుకుపోయాడు. నాలుగోసారి లాగేసరికి ఆమె ఎడమ భుజం పట్టేస్తుంది. విదిలించుకుంటే తప్ప ఐదోసారి లాగలేదు. ఆ విదిలింపుకి ఝట్కా అని పేరు పెట్టి, కసరత్తని సినిమావాళ్ల చేత కూడా చేయిస్తున్నాడు.

ఆ సాయంత్రం హోప్ టౌన్ జెట్టీ పక్క మైదానంలో శివాజీకి సన్మానం. బోటు దిగి నేరుగా అక్క ఇంటికొచ్చాడు.

“స్టేజీ మీద నువ్వొకసారి తాడు లాగి చూపించాలక్కా. కెమెరాలొచ్చాయి.”

“వల లాగడం నేర్పుకుంటే నేర్పుకో తమ్మీ. ఆ ఝట్కా మాత్రం తీసీ.”

“అది తీసేత్తే ఇంకేటుంది? నా పేరే అది.”

“నానడిగేది అదొక్కటే. తీసేత్తావా, నేదా?”

“నీ పేరు కూడా చెప్తాన్లే,” అని నవ్వి, ఆమె చేసిన చేపల పులుసు ముట్టకుండా వెళ్లిపోయాడు. నూనె పడదట.

మైదానంలో ముందు వరుస నిండా పిల్లలు. మైకు ధనరాజు చేతిలో ఉంది. ఊరి సంఘం సెక్రటరీ అతనే.

“పన్నెండేళ్ల కిందట జెట్టీ మీద జారిపడి ఎడమ భుజం విరగ్గొట్టుకుంది మన బుల్లమ్మ దీదీ. ఆ కట్టుతోనే, అదే నెలలో, తమ్ముణ్ని ముంబయి పంపడానికి పడవ అమ్మేసింది. అలాంటి అక్క ఎవరికుంటుంది?”

చప్పట్లు మోగాయి. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఈ కథ చెప్పే శివాజీ అలవాటుగా కళ్లు తుడుచుకున్నాడు.

స్టేజీ ఎక్కిన బుల్లమ్మ తాడు ముట్టుకోలేదు. కింద అమ్ములుతో సహా పిల్లలందరూ ఎడమ భుజాలు ఎగరేసి ఆమె ఎప్పుడు లాగుతుందా అని చూస్తున్నారు.

“దీదీ, ఇంతకీ ఈ ఝట్కా నీకెవరు నేర్పారు?” ధనరాజు మైకు అందించాడు.

“ఇంకెవులు, మా తమ్ముడే.”

జనం గొల్లున నవ్వి ఈలలు వేశారు. అక్క ప్రేమ అంటే అదీ, అన్నాడు ధనరాజు. శివాజీ ఒక్కడే నవ్వలేదు. మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

“పడవ అమ్మనంటే అమ్మనన్నాను, ఆ రోజు నేర్పాడు,” అంది. “జెట్టీ మీద నాను జారిపడనేదు.”