అక్క చెప్పిన జవాబులు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ జగదాంబ, తల్లి ఉషారాణి, పదిహేడేళ్ళ తేజస్వి, తొమ్మిదేళ్ళ తమ్ముడు బుల్లిబాబు, రాజమండ్రి నుంచి వచ్చిన మేడం ఉన్నారు. తండ్రి జానకిరామ్ వీధివైపు కిరాణా కొట్లో ఉన్నాడు. పెనుగొండలో శనివారం బేరాలు ఎక్కువ.

మేడం పేరు ఆశాజ్యోతి. ప్రత్యేక పిల్లల బడి తరఫున వచ్చింది. బుల్లిబాబుది అరుదైన జన్యులోపమనీ, అది వంశంలో నడిచేదనీ కిందటేడు రక్తపరీక్షలో తేలింది. మేడం ఫారం నింపితేనే బడిలో సీటు. వాడు బడికి వెళితే తేజస్వి తణుకులో కోచింగ్‌కి వెళ్ళవచ్చు. పదో తరగతి లెక్కలు రెండుసార్లు తప్పింది. ఈసారి పంపిస్తానని తల్లి మాట ఇచ్చింది.

“మనిషి మొహంలోకి చూస్తాడాండి?” మేడం అడిగింది.

“ఎందుకు చూడడండి, బ్రహ్మాండంగా చూస్తాడు” అంది జగదాంబ.

“చూడడండి” అంది తేజస్వి, నేలవైపు చూస్తూ. “చొక్కా గుండీలు చూస్తాడు.”

ఉషారాణి కళ్ళెర్రజేసింది. మేడం మాత్రం తేజస్వి చెప్పిందే రాసుకుంది.

“చప్పుళ్ళకి భయపడతాడా?”

“మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడండి. కుక్కర్ కూతకి చెయ్యి కొరుక్కుంటాడు. పెరట్లో బాదం చెట్టు కిందకి తీసుకుపోతాను.”

“అక్కడికే ఎందుకు?”

“చిన్నప్పటి నుంచీ నేను కూర్చునేది అక్కడేనండి.”

“బస్సొచ్చింది” అన్నాడు బుల్లిబాబు.

“ఇలా ఎన్నిసార్లంటాడు?”

“లెక్కే లేదండి” అంది జగదాంబ. “ఆ బస్సు ఇంతవరకూ వచ్చింది లేదు. మేం మాత్రం రోజూ ఎక్కుతున్నాం.”

మేడం నవ్వింది. తేజస్వి నవ్వలేదు. ఎవరైనా ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

“ఒంటిమీద చెయ్యి వేస్తే ఊరుకుంటాడా?”

“ముందు చెప్పి వేస్తే ఊరుకుంటాడండి. చెప్పకుండా ముట్టుకుంటే అక్కడంతా మంట పుడుతుంది.”

“మంట పుడుతుందని వాడు చెప్పాడా?”

“వాడెక్కడ చెప్తాడండి.”

మేడం పెన్ను ఆగింది.

“అన్నీ దీనికే తెలుసండి” అంది జగదాంబ. “మా పిల్ల బంగారం. గడప దాటదు. చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాదు. కొట్లో కూర్చోబెడితే వచ్చినవాళ్ళ వైపు తలెత్తి చూడదు. ఆడపిల్లకి ఆ మాత్రం అణకువ ఉండాలి కదండీ. లెక్కలంటారా, వీడి వెనక తిరిగే పిల్లకి లెక్కలెక్కడొస్తాయి? ఒసేయ్, ముందు ఆ చున్నీ కొస నోట్లోంచి తియ్యవే.”

తేజస్వి తీసింది. కొస తడిగా ఉంది.

మిగిలిన ప్రశ్నలు అరగంట సాగాయి. స్నానం, నిద్ర, అన్నం, పప్పు అన్నానికి తగలకుండా వేయడం. అన్నిటికీ తేజస్వే చెప్పింది. ఆ నెలంతా కలిపి కూడా ఆమె అన్ని మాటలు మాట్లాడలేదు.

మేడం ఫారం కింద సంతకం పెట్టింది.

“బాబుకి సీటు ఇస్తామండి. జూన్‌లో పంపించండి.”

ఉషారాణి రెండు చేతులూ జోడించింది. తేజస్వికి సంతోషం కలగాలి. ఏమీ కలగలేదు. అడగాల్సింది మాత్రం అడిగింది.

“అయితే నేను తణుకు వెళ్ళొచ్చా అమ్మా?”

“వెళ్దువుగాని లేవే. ఇంక నీకేం అడ్డం?”

మేడం ఇద్దరి వైపూ చూసింది.

“అమ్మా తేజస్వీ, తమ్ముణ్ణి నాన్నగారి దగ్గర కూర్చోబెట్టు. పెద్దవాళ్ళతో కాస్త మాట్లాడాలి.”

సీటు గురించే అనుకుంది తేజస్వి. “చెయ్యి పట్టుకుంటున్నాను” అని తమ్ముడికి చెప్పి, పట్టుకుని, కొట్లో నాన్న పక్కన కూర్చోబెట్టింది. తిరిగి వచ్చేసరికి ఉషారాణి గుమ్మంలో ఉంది. కూతుర్ని అక్కడే ఆగమని తలుపు వేసింది.

లోపల మేడం కొత్త కాగితం తీసింది.

“ఇప్పుడు మీ అమ్మాయి ఫారం రాద్దామండి.”