పెళ్లాం పైకొస్తే

పొద్దున్నే కరెంటాఫీసు గుమ్మంలో లైన్‌మన్ ఓబులేష్ నిలబడ్డాడు. మనిషి గాలి తీసిన ట్యూబులా ఉన్నాడు.

“ఆడోళ్లు కంబాలెక్కేదేంది మేడమ్? మీరన్నా ఆపాల.”

ఇంజనీరు హేమకు విషయం తెలుసు. అతని భార్య జయంతి లైన్‌మన్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైంది. ఆ రోజే అనంతపురంలో స్తంభం ఎక్కే పరీక్ష. అదీ అయ్యగారి కడుపుమంట.

“పెళ్లాం పైకొస్తే నీకేం నొప్పప్పా?”

“ఆయమ్మి ఉద్యోగానికి పోతే ఈడ నా పని ఎవురు చేస్తారు మేడమ్?”

“నీ గుడ్డలు నువ్వే ఉతుక్కో. నీ సంగటి నువ్వే కెలుక్కో!”

హేమకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎదురుగా కూర్చున్న తననే “సార్ యాడ?” అని అడిగిన మొహాలను ఆమె ఇంకా మరిచిపోలేదు.

పైగా వీడి అనుమానం ఊరందరికీ తెలిసిందే. పెళ్లాన్ని ఇంట్లో ఒంటరిగా వదలడు. చేలల్లో బోర్ల లైను తెగినా బండి వెనక జయంతి ఉండాల్సిందే. మూగిన రైతుల్ని “పోండప్పా, షాకు కొడతాది” అని తరిమాకే పని మొదలుపెడతాడు. ఆమె మీద పరాయి మగాడి కన్ను పడకూడదు మరి!

అయినా పనిమంతుడే. గాలివానకు తెగిన తీగల్ని సాయంత్రానికల్లా కలిపాడని పంద్రాగస్టున ప్రశంసాపత్రం ఇప్పించింది హేమే.

“జీపెక్కు. నీ కండ్లతోనే చూద్దువు,” అంది.

మైదానంలో జయంతి మొగుడి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని నిలబడి ఉంది. నడుముకు బెల్టు బిగించింది. అరచేతులు రుద్దుకుంది. మగ అభ్యర్థులు సగంలో ఆగి రొప్పుతుంటే, ఆమె కొసకు చేరి కిందివాళ్లను చూసి నవ్వింది.

“మొగుడు బాగా నేర్పినాడే!” అన్నాడు పరీక్ష పెట్టిన పెద్ద సారు.

ఎక్కింది ఆమె, మెప్పు మొగుడికి! హేమ పళ్లు నూరింది. ఓబులేష్ మాత్రం తల దించుకుని నేల చూస్తున్నాడు.

నెల తిరక్కుండానే జయంతికి తాడిపత్రిలో పోస్టింగొచ్చింది. సాగనంపడానికి హేమ మిఠాయి పొట్లంతో బస్టాండుకు వెళ్లింది. బస్సు పక్కన ఓబులేష్ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏడవనీ, బాగా కుదిరిందనుకుంది హేమ.

బస్సు కదిలింది. జయంతి కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది:

“మామా, ఇన్నేండ్లు నీ బదులు నేనెక్కిన కంబాలన్నీ రేపట్నుంచి నువ్వే ఎక్కాల, కిందికి మాత్రం చూడొద్దు!”