మూడోసారి లాగాలి

నూలు వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. దారం మధ్యలో తెగిందేమో తెలియడానికి, చిలపలో, అంటే నూలు చుట్టలో, ఒక కొస లాగి, రెండో కొస కదిలిందో లేదో చూస్తాం. మూడుసార్లు చూశాకే సరుకు మంచిదో కాదో తేలుస్తాం. "నన్నూ అలాగే లాగి చూసి చేసుకున్నారు" అని నా భార్య ఎగతాళి చేసేది.

డాక్టరు ఆశ వదులుకోమన్నాక, సాయంత్రం స్కానింగ్‌లో తీసిన ఆమె మెదడు పటం చూశాను. రెండు సగాలనూ కలిపే రంగుదారాల కట్ట నడిమికి తెగి ఉంది.

"నీళ్ల కదలికను బట్టి యంత్రం వేసే అంచనా బాబాయ్ ఇది" అన్నాడు స్కానింగ్ చేసినతను. "దారాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉన్నదాన్ని వదిలేస్తుంది, లేనిదాన్ని గీస్తుంది."

"తప్పుడు తక్కెడతో ఎవరైనా తూస్తారా అబ్బాయ్?"

"ఇంతకన్నా మంచిది మా దగ్గర లేదు."

అయినా సంతకం పెట్టేశాను. తెల్లారితే ఊపిరి పోసే యంత్రం తీసేస్తారు.

ఇప్పుడు గదిలో ఆ యంత్రం చప్పుడొక్కటే. అలవాటు కొద్దీ ఆమె ఎడమ చిటికెన వేలు మెల్లగా లాగాను. దుప్పటి మీద కుడి చిటికెన వేలు కదిలింది.

నర్సును పిలిచాను.

"ఒక్కోసారి ఊరికే కదులుతాయి బాబాయ్. కాసేపు పడుకోండి" అని లైటు తగ్గించి వెళ్లింది.

మళ్లీ లాగాను. కదల్లేదు.

కిటికీ తెల్లబడుతోంది. వరండాలో చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ఇంకొక్కసారి లాగాలి. కదిలితే నేను దేనికి సంతకం పెట్టానో తెలిసిపోతుంది. కదలకపోతే ఆమె ఇక లేదని తెలిసిపోతుంది.

వేలు పట్టుకునే ఉన్నాను.