ఐదో స్లైడు

మధ్యాహ్నం డాక్టరుగారు అక్క మెడలోని గడ్డకు సన్నటి సూది గుచ్చి కాస్త రసం లాగారు. గుచ్చిన చోట దూది అంటించి, ఆ రసాన్ని నాలుగు స్లైడుల మీద పరిచింది నేనే. పదేళ్లుగా ఈ ల్యాబులో నా పని అదే. రంగులో ముంచితే సిరా చెరిగిపోతుందని, స్లైడు అంచున రోగి పేరు పెన్సిలుతో రాస్తాను.

చీకటిపడ్డాక డాక్టరుగారు మైక్రోస్కోపులో చూసి, "మామూలు గడ్డేనమ్మా, క్యాన్సరు కాదు. మీ అక్కకి చెప్పేయ్," అని ఇంటికి వెళ్లిపోయారు. నాకు కాలు నేల మీద నిలవలేదు. వెంటనే ఫోను చేశాను.

"అక్కా, ఏమీ లేదట! మామూలు గడ్డేనట!"

"నా తల్లే! నా గొలుసు నీకొస్తుందని ఆశపడ్డావు కదే, పాపం!"

"ఆ అరిగిపోయిన గొలుసు ఎవరిక్కావాలి!"

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఫోను భుజంతో అదిమిపట్టి, నవ్వుతూనే స్లైడులు ట్రేలో సర్దాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

ఐదోదానికి ఇంకా రంగు వేయలేదు. దాని మీద పరిచిన రసం తడి కూడా ఆరలేదు. అంచున పెన్సిలుతో నా పేరు ఉంది. రాత నాదే.

ల్యాబులో నేను తప్ప ఎవరూ లేరు.

"సర్లే, ఆ గొలుసు నీకే ఇచ్చేస్తా!" అంటోంది అక్క.

నేను మెల్లగా మెడ తడుముకున్నాను. ఎడమ చెవి కింద చిన్న దూదిముక్క అంటుకుని ఉంది. దాని కింద, బఠాణీ గింజంతదేదో గట్టిగా వేలికి తగిలింది.